వేలిముద్రకు ముందు



"రాజకీయాలు మనకెందుకమ్మా? అది బురద గుంట. దిగినవాడికి అంటక మానదు." ఈ మాట మన సంఘాల్లో వినని కుటుంబం ఉండదు. పిల్లలు డాక్టరు కావాలని, నర్సు కావాలని, టీచరు కావాలని, దైవసేవకు సమర్పించుకోవాలని మనం మోకాళ్లూని ప్రార్థిస్తాం. నా బిడ్డ మంచి సర్పంచ్ కావాలి ప్రభువా అని ప్రార్థించిన తల్లిని నేను ఇంతవరకు చూడలేదు.

అయితే మన ఊటనీరు, మన పింఛను, మన పట్టా, మన బడి, మన దారి ఎవరి సంతకం మీద నడుస్తున్నాయి? రాజుల కొరకును అధికారుల కొరకును విజ్ఞాపన చేయమని పౌలు తిమోతికి రాసిన మాట ప్రకారం ప్రతి ఆదివారం మనం ప్రార్థిస్తూనే ఉన్నాం. ఆమేన్ అని కళ్లు తెరిచిన తరువాత ఆ అధికారుల ముందు నిలబడి నాలుగు ముక్కల అర్జీ రాయగలవారు మనలో ఎందరు? రాసిన కాగితంలో ఏముందో తెలుసుకుని వేలు ఒత్తేవారు ఎందరు? ఈ ప్రశ్న నా మనసులో నాటుకోవడానికి ఒక చిన్న పిల్ల కారణం. ఆ సంగతి మన పత్రిక ద్వారా మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కొన్ని దేశాల్లో హైస్కూలు పిల్లలను ప్రజాప్రతినిధుల కార్యాలయాలకు పంపి పని నేర్పే అలవాటు ఉంది. అమెరికా సెనేటులో 1829 నుండి ఇట్టి పిల్లలున్నారు. పదహారు, పదిహేడేళ్లవారు సభలో కాగితాలు అందిస్తూ, చట్టం ఎలా పుడుతుందో కళ్లారా చూస్తారు. పట్నాల్లో ఇలాంటి శిక్షణను ఇంటర్న్‌షిప్ అంటున్నారు. మా కొండల్లో ఆ పేరు ఎవరూ వినలేదు. అయినా 2023 వేసవిలో మా మేనకోడలు సరిగ్గా ఆ పనే చేసింది. దానికి జీతం లేదు, సర్టిఫికెట్టు లేదు, కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ మాత్రం ఉంది.

మాది అరకులోయ ప్రాంతంలోని ఒక కొండ పంచాయతీ. ఊరి పేరు రాయడం లేదు. ఈ సంగతిలో ఉన్నవారందరూ ఇంకా ఆ ఊళ్లోనే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ బ్రతకాలి. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది కనుక, జిల్లా కార్యాలయం కోసం విశాఖపట్నం దాకా ఘాట్‌ రోడ్డు దిగే శ్రమ మాకు తప్పింది. కాని కార్యాలయం దగ్గరైనంత మాత్రాన కాగితం దగ్గర కాదు. మా పంచాయతీలో ఇంటి దగ్గర, సంతలో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. పై గూడేల్లో కువి. కాగితం మీద ఉండేది తెలుగు. అది కూడా "పై విషయమునకు సంబంధించి తమరి సముఖమునకు" అని మొదలయ్యే తెలుగు. బడికి వెళ్లిన పిల్లలకే అది కొరుకుడు పడదు, ముసలివారి సంగతి చెప్పనక్కరలేదు.

2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో మా ఊరికి ఒక స్త్రీ సర్పంచ్‌గా గెలిచింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో సర్పంచ్ పదవులన్నీ గిరిజనులకే చెందాలని 1996 నాటి పెసా చట్టం చెబుతుంది. మన రాష్ట్రంలో స్థానిక పదవుల్లో సగం స్త్రీలకు కేటాయించారు. అలా అవకాశం వచ్చిన మనిషి ఆమె. అయిదో తరగతితో చదువు ఆగిపోయింది. పేరు రాయడం వచ్చు, కూడబలుక్కుని అచ్చు చదవడం వచ్చు. చేతిరాత, ఆఫీసు తెలుగు మాత్రం రావు. "ఇక్కడ పెట్టమ్మా, ఇంకొకటి ఇక్కడ" అని ఎవరో వేలు చూపిస్తే అక్కడ సంతకం పెట్టేది. రెండేళ్లు అలా గడిచాయి.

ఆమె మన విశ్వాసంలో ఉన్న మనిషి కాదు. కాని ఆశ్రమ పాఠశాలలో చాలాకాలం పనిచేసిన నన్ను ఊరంతా టీచరమ్మా అనే పిలుస్తారు. 2023 ఏప్రిల్‌లో పదో తరగతి పరీక్షలు ముగిసిన మరుసటి వారం ఆమె మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"టీచరమ్మా, మీ తమ్ముడి కూతురు తెలుగు గడగడా చదువుతుంది కదా. సెలవుల్లో నా పక్కన కూర్చోమను. నాకు ఏమీ నేర్పనక్కరలేదు. నేను సంతకం పెట్టే ముందు ఆ కాగితంలో ఏముందో మన భాషలో చెబితే చాలు."

ఈ మాటకు నా కళ్లు చెమ్మగిల్లాయి. పెద్ద పదవిలో ఉన్న మనిషి, నాకు చదవడం రాదని ఒక పిల్ల దగ్గర ఒప్పుకోవడానికి ఎంత మంచి మనసు ఉండాలి!

కాని మా తమ్ముడు ఒప్పుకోలేదు. "అక్కా, ఆడపిల్లను ఆ గొడవల్లోకి తోస్తావా? 2018లో ఏం జరిగిందో మరచిపోయావా?" అన్నాడు. మరచిపోలేదు. ఆ సంవత్సరం సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారిని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ గారిని మావోయిస్టులు కాల్చి చంపారు. ఆ రోజు లోయంతా తలుపులు వేసుకుని కూర్చుంది. అది ఆదివారం. అట్టి భయం చూసిన తండ్రి బిడ్డను ఇంట్లో దాచుకోవాలనుకోవడంలో తప్పేముంది?

నేను వాడితో వాదించలేదు. మూడు రోజులు ఇంటిల్లిపాదీ కుటుంబ ప్రార్థనలో ఈ విషయం దేవుని ముందు పెట్టాం. నాలుగో రోజు వాడే అన్నాడు, "వెళ్లనీ. కాని నా షరతులున్నాయి." వాటిని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాం. పొద్దుండగా వెళ్లి పొద్దుండగా ఇంటికి రావాలి. ఏ పార్టీ కండువా మెడలో వేసుకోకూడదు. ఎవరి దగ్గర రూపాయి తీసుకోకూడదు. అక్కడ విన్న ఇతరుల కష్టం బయట చెప్పకూడదు. ఐదవది ఆ పిల్లే చేర్చింది: "రాసింది చదివి వినిపించకుండా ఎవరి చేతా వేలిముద్ర వేయించను."

ఐదవ షరతు అంత బరువు మోస్తుందని ఆ రోజు మాలో ఎవరికీ తెలియదు.

ఉదయం చర్చిలో వి.బి.ఎస్. పిల్లలకు పాటలు నేర్పి, పదకొండు గంటలకు పంచాయతీ ఆఫీసుకు వెళ్లేది. అక్కడికి వచ్చే కష్టాలన్నీ చూడటానికి చిన్నవే. ఒకరికి ఆధార్‌లో వయసు తక్కువ పడింది. ఇంకొకరి పేరు రేషన్ కార్డులో ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకంగా ఉంది. ఒక గూడెంలో ఊట దగ్గర గొట్టం పగిలి నెల గడిచింది. ఒకరికి పోడు భూమి పట్టాలో సగం చెక్కే ఎక్కింది. ఒక గర్భిణిని డోలీలో మోసుకువచ్చిన నలుగురు మగవాళ్లు దారి కోసం అర్జీ రాయమన్నారు. రాసేవాడికి అది ఒక పేజీ. ఆ మనిషికి అదే బ్రతుకు.

మొదటి వారంలో ఒక అవ్వ పింఛను కోసం వచ్చింది. అప్పట్లో వృద్ధాప్య పింఛను నెలకు 2,750 రూపాయలు. ఆఫీసులో ఉన్న పాత అర్జీ ఒకటి చూసి మా పిల్ల అదే వరుసలో రాసింది. రాసిన తరువాత షరతు ప్రకారం ఒడియాలో చదివి వినిపించింది. "నాకు నా అన్నవారు ఎవరూ లేరు" అన్న చోట అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"అలా రాయకు పాపా. నాకు కొడుకున్నాడు. బీదవాడు, అంతే. బ్రతికి ఉన్న కొడుకును లేడని రాసి నేను డబ్బు తినలేను."

మా పిల్ల ఆ కాగితం పక్కనపెట్టి కొత్త కాగితం మీద "నాకు ఒక కొడుకు ఉన్నాడు, కూలి చేసుకుంటాడు, నన్ను పోషించే స్థితి అతనికి లేదు" అని రాసింది. అవ్వ అప్పుడు వేలు ముందుకు చాపింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఆ పిల్ల నాతో ఇలా అంది: "అత్తా, చదివి వినిపించకపోతే ఆ అవ్వ చేత నేను అబద్ధం ఆడించేదాన్ని. ఆమెకు తెలియకుండానే."

ఈ మాట విన్న రాత్రి నేను నెహెమ్యా గ్రంథం తెరిచాను. నెహెమ్యా ప్రవక్త కాడు, యాజకుడు కాడు. షూషను కోటలో రాజుకు గిన్నె అందించే ఉద్యోగి. యెరూషలేము కష్టం విని ఏడ్చాడు, ఉపవాసం చేశాడు, ప్రార్థించాడు. ఆ తరువాత ఏం చేశాడు? రాజును అర్జీ అడిగాడు. నది అవతలి అధికారులకు తాకీదులు అడిగాడు, రాజుగారి అడవిని కాసే ఆసాపుకు మ్రానుల కోసం ఒక తాకీదు ఇప్పించమన్నాడు. అటవీశాఖకు అర్జీ పెట్టుకునే మా కొండవారికి ఈ మాట ఎంత దగ్గరగా ఉందో చూడండి! ఎనిమిదవ అధ్యాయంలో నీటి గుమ్మం ఎదుట ఎజ్రా ధర్మశాస్త్రం చదివినప్పుడు, లేవీయులు జనుల మధ్య నిలిచి దాని అర్థం తెలియజెప్పారు. గ్రహించగలిగిన స్త్రీలు, పురుషులు అందరూ అక్కడ ఉన్నారు. అర్థమైంది కనుకనే వారు ఏడ్చారు, అర్థమైంది కనుకనే తరువాత సంతోషించారు. చదవడం ఒక పని, అర్థమయ్యేలా చెప్పడం మరో పని. రెండూ కలిస్తేనే జనులు ఆమేన్ అనగలరు.

ప్రొటెస్టెంటు సంఘాలవారమైన మనకు ఇది కొత్త పాఠం కాదు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజస్ గార్లు మొట్టమొదట పూనుకున్న పనుల్లో ఒకటి తెలుగు నేర్చుకుని సువార్తలను తెలుగులోకి తేవడం. ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి వారికి తోడ్పడ్డాడు. వారిద్దరూ కన్నుమూసిన తరువాత 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు సేరంపూరులో అచ్చయ్యాయి. మనిషి తనకు సంబంధించిన మాటను తన భాషలో వినాలన్న పట్టుదల మీద మన సంఘం నిలబడింది. దేవుని మాట విషయంలో అంత పట్టుదల పట్టిన మనం, ప్రభుత్వ కాగితం విషయంలో "ఎక్కడ చూపిస్తే అక్కడ" అని వేలు ఒత్తడం న్యాయమా?

కానుకల సంగతి కూడా చెప్పాలి. ఒక తాత ఇరవై రూపాయల నోటు మడిచి పిల్ల చేతిలో పెట్టబోయాడు. వద్దంది. మరునాడు తాత పెద్ద పనసపండు భుజాన మోసుకొచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. "అత్తా, ఇది లంచమా?" అని సాయంత్రం ఆ పిల్ల నిజంగానే దిగులుగా అడిగింది. "ఒక్కదానివే ఇంటికి తెచ్చుకుంటే ఆలోచించాలి గాని, అందరికీ పెట్టావా?" అన్నాను. అర్జీలకు వచ్చినవారందరికీ తొనలు పంచారట, తాత కూడా తిన్నాడట. నెహెమ్యా పన్నెండేళ్లు అధిపతిగా ఉండి అధిపతికి రావలసిన ఆహారం తీసుకోలేదు. తన బల్ల దగ్గర ఇతరులకు భోజనం పెట్టాడు. పనస తొనలతోనైనా ఆ పాఠం మొదలుపెట్టవచ్చు.

మే నెల రెండవ వారంలో అసలు పరీక్ష వచ్చింది.

ఒకాయన మోటారు సైకిల్ మీద టైపు చేసిన కాగితాలు తెచ్చాడు. రాతి క్వారీ పెట్టదలచిన ఒకరి తరఫు మనిషి. "సర్పంచ్ గారూ, చిన్న సంతకం, ఒక స్టాంపు, అంతే. మీ ఊరికి రోడ్డు కూడా పడుతుంది" అన్నాడు. సర్పంచ్ కాగితాలు మా పిల్ల ముందుకు జరిపింది. పిల్ల మొదటి పేరా చదివి ఒడియాలో చెప్పింది. ఫలానా తేదీన గ్రామసభ జరిగినదనీ, ఊరి పైనున్న గుట్టలో రాయి తీయడానికి సభ్యులందరూ ఏకగ్రీవంగా సమ్మతించారనీ దాని సారాంశం. వెనుక పేజీల్లో ఓటరు జాబితా వరుసలోనే పేర్లున్నాయి. కొన్నిటి పక్కన అప్పటికే వేలిముద్రలున్నాయి.

సర్పంచ్ మెల్లగా అడిగింది, "ఆ తేదీ ఏ వారం?"

గోడ మీది క్యాలెండరు చూసి పిల్ల చెప్పింది. అది సంత రోజు. ఊరంతా సంతలో ఉన్న రోజు. సర్పంచ్ కూడా ఆ రోజు అల్లం అమ్ముకోవడానికి వెళ్లింది. పేర్ల జాబితాలో ఒక పేరు దగ్గర పిల్ల ఆగిపోయింది. ఆ మనిషి అంతకు ముందు సంవత్సరమే చనిపోయాడు.

సర్పంచ్ కలం మూత పెట్టి, "సభ జరగలేదు. జరగని సభకు సంతకం ఎలా పెడతాను?" అంది. ఆయన నవ్వాడు, తరువాత కోప్పడ్డాడు, తరువాత పిల్ల వైపు చూసి, "నీకు ఓటైనా లేదు, నీకెందుకమ్మా ఇదంతా?" అన్నాడు. నిజమే, 1989 నుండి మన దేశంలో ఓటు వయసు పద్దెనిమిది. ఆ పిల్లకు పదహారు. ఓటు లేని చేయి చేసింది ఒక్కటే, ఉన్నది ఉన్నట్టు చదివింది.

ఆ కాగితానికి అంత విలువ ఎందుకో పాఠకులు తెలుసుకోవాలి. మన కొండలు రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కింద ఉన్నాయి. ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దానిని గట్టిపరిచారు. మనవాళ్లు ఒకటి బై డెబ్బై అనేది దానినే. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమతా సంస్థ వేసిన కేసులో 1997 జూలైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గని లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. పెసా చట్టం ప్రకారం ఇట్టి ప్రాంతంలో రాయి, ఇసుక వంటి చిన్న ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేక పంచాయతీ సిఫారసు ఉండాలి. మన రాష్ట్రంలో పెసా నియమాలు 2011లో వచ్చాయి. కనుక గ్రామసభ తీర్మానం ఉత్త కాగితం కాదు, ఊరి నోరు. ఆ నోరు ఎవరో బయటివాడు అరువు తీసుకుంటే ఊరు మూగదవుతుంది.

ఆ తరువాత వారం రోజులు మాకు కష్టంగా గడిచాయి. "పిల్లను ఇంట్లో పెట్టుకోమని చెప్పండి" అని తమ్ముడికి సంతలో ఇద్దరు చెప్పారు. వాడు రాత్రి నిద్రపోలేదు. అంతకన్నా కష్టమైన సంగతి మరొకటి ఉంది. అదే మనిషి మా చర్చి పెద్దల్లో ఒకరిని కలిసి, క్వారీ మొదలైతే చర్చి ప్రహరీ గోడకు కావలసిన రాయి ఉచితంగా తోలిస్తానన్నాడు. మా చర్చికి గోడ లేదు, వెదురు దడి ఉంది. ఆ గోడ కోసం ఎన్నో ఏళ్లుగా పిడికెడు బియ్యం కానుక తీస్తున్నాం. దేవుడే తలుపు తెరిచాడేమో అని కొందరు నిజాయితీగానే అనుకున్నారు.

సంఘ కమిటీ కూడింది. పాస్టరు గారు ఎవరినీ గద్దించలేదు. మొదటి రాజుల గ్రంథం ఇరవై ఒకటవ అధ్యాయం తీసి నెమ్మదిగా చదివారు. అహాబుకు నాబోతు ద్రాక్షతోట కావాలి. నాబోతు పిత్రార్జితం ఇవ్వనన్నాడు. యెజెబెలు అహాబు పేరట తాకీదులు రాయించి, అతని ముద్ర వేయించి, సభ కూర్చి, అబద్ధ సాక్షులను నిలబెట్టింది. చదవడం ముగించి పాస్టరు గారు ఒక్క ప్రశ్న వేశారు: "ఆ తోట రాళ్లతో యెజెబెలు దేవునికి ఒక గుడి కట్టించి ఉంటే, ఏలీయా ఊరుకునేవాడా?"

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి రాయి మాట తెచ్చిన పెద్దాయనే, "గోడ ఆగనీయండి. ముందు సభ జరగనీయండి" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో నాకు తెలుసు. ఆ వృద్ధుణ్ణి బట్టి దేవునికి వందనాలు చెల్లించాను.

సర్పంచ్ గ్రామసభకు చాటింపు వేయించింది. సంత లేని రోజు చూసి, పై గూడేలవారు కూడా దిగి రాగలిగే వేళ చూసి పెట్టారు. చింతచెట్టు కింద స్త్రీలు ఒకవైపు, పురుషులు ఒకవైపు కూర్చున్నారు. మన సంఘంవారు వచ్చారు, కొండదేవతను కొలిచేవారూ వచ్చారు. పంచాయతీ కార్యదర్శి తెలుగులో చదివారు. మా పిల్ల ఒడియాలో చెప్పింది. ఆమెకు కువి రాదు కనుక పై గూడెం కుర్రవాడొకడు లేచి కువిలో చెప్పాడు. కాగితం మూడు భాషల్లో తిరిగేసరికి పొద్దు వాలింది. అంతసేపూ ఎవరూ లేచి వెళ్లలేదు.

తరువాత ప్రశ్నలు వచ్చాయి. ఒక స్త్రీ, "ఊట ఆ గుట్ట కిందే కదా, రాయి పేలిస్తే నీరు ఎటు పోతుంది?" అంది. ఒక ముసలాయన, "మా పెద్దల రాళ్లు అక్కడ నిలబెట్టి ఉన్నాయి, వాటి సంగతేమిటి?" అన్నాడు. ఒక యువకుడు, "పని మాకిస్తారా, బయటివాళ్లను తెస్తారా? ఎన్నేళ్లు?" అన్నాడు. చెప్పగలవారు ఎవరూ అక్కడ లేరు. క్వారీ కావాలన్నవారు కూడా నలుగురున్నారు, వారి మాట కూడా సభ విన్నది. వారికి కూలి కావాలి, అది తప్పు కాదు. చివరికి సభ సమ్మతి ఇవ్వలేదు. ఆ మాటే రాసి, మూడు భాషల్లో మళ్లీ చదివి, అప్పుడు సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. ఆ గుట్టలో ఇప్పటివరకు క్వారీ పడలేదు. రోడ్డు కూడా పడలేదు. మా చర్చికి ఇంకా వెదురు దడే ఉంది. ఈ మూడింటినీ కలిపి చెప్పడం న్యాయమని చెబుతున్నాను.

ఇట్టి సంగతి మా ఊరికే జరిగినది కాదు. మనకు దూరం కాని ఒడిశా నియమగిరి కొండల్లో బాక్సైటు తవ్వకం విషయమై 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అక్కడి గ్రామసభలనే అడగమంది. ఆ సంవత్సరం జరిగిన పన్నెండు సభలూ ఒకటి తరువాత ఒకటి వద్దన్నాయి. కువి మాట్లాడే డోంగ్రియా కొందులు తమ భాషలో తమ మాట చెప్పారు. ఆ మాట దేశమంతా విన్నది.

ఇప్పుడు తల్లిదండ్రులైన మీతో ఒక మాట. రాజకీయం బురద గుంట అని మనం మన పిల్లలను గట్టు మీద నిలబెడితే, గుంటలో ఎవరు మిగులుతారు? మా మేనకోడలు ఆ నలభై రోజుల్లో ఏ పార్టీ జెండా పట్టలేదు. ఏ నాయకుని వెంటా నినాదాలివ్వలేదు. ఒక మనిషి పక్కన కూర్చుని చదివి వినిపించింది. ఇదే ప్రజాసేవ అని ఆమెకు ఎవరూ పేరు పెట్టి చెప్పలేదు, చేస్తూ తెలుసుకుంది. ఆడపిల్లలకు ఇవి తగవని ఎవరైనా అంటే, అరకు పార్లమెంటు స్థానం నుండి 2014లో కొత్తపల్లి గీత గారు, 2019లో గొడ్డేటి మాధవి గారు, 2024లో గుమ్మ తనూజారాణి గారు వరుసగా గెలిచారని గుర్తుచేయండి. వారిలో ఒకరు బడిలో వ్యాయామ ఉపాధ్యాయిని, ఒకరు డాక్టరు. పార్టీల సంగతి నేను మాట్లాడటం లేదు. ఈ కొండల ప్రజలు ఆడపిల్లను నమ్మగలరని మాత్రమే చెబుతున్నాను.

అయితే పిల్లలను ఊరికే పంపకూడదు. షరతులతో పంపాలి, ప్రార్థనతో పంపాలి, సాయంత్రం వచ్చాక కూర్చోబెట్టి ఏం చూశావని అడగాలి. ఏ కార్యాలయంలో డబ్బు చేతులు మారడం చూసినా ఇంట్లో చెప్పగలిగే ధైర్యం వారికి ఇవ్వాలి. వద్దని మనసుకు తోచిన రోజు మానుకునే స్వేచ్ఛ కూడా ఇవ్వాలి. నెహెమ్యా వలె ఒక చేత పని చేస్తూ ఇంకో చేత కాపలా కాయడం అంటే ఇదే.

మా స్త్రీల సమాజం ఆ మరుసటి వేసవి నుండి ఒక చిన్న పని మొదలుపెట్టింది. వి.బి.ఎస్. ముగిశాక ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక గంట అర్జీ రాయడం నేర్పుతున్నాం. పైన తేదీ రాయాలి. ఎవరికి రాస్తున్నామో రాయాలి. ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి. జరిగినదే రాయాలి, కన్నీళ్లు ఎక్కువ కలపకూడదు. అర్జీదారుని భాషలో చదివి వినిపించాలి. నకలు ఒకటి దాచుకోవాలి. తేదీతో రసీదు అడగాలి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద నా అర్జీ ఏమైందని అడగవచ్చు, మామూలుగా 30 రోజుల్లో జవాబు చెప్పాలి. ఇందులో గొప్ప విద్య ఏమీ లేదు. మీ సంఘంలో ఒక టీచరు, ఒక గుమాస్తా, చదువుకున్న ఒక కోడలు ఉంటే చాలు.

మా మేనకోడలు పాడేరులో ఇంటర్ పూర్తిచేసింది. 2025లో ఓటరు జాబితాలో పేరు ఎక్కించుకుంది. రేపు ఏమవుతుందో దేవునికి తెలుసు. సర్పంచ్ మాత్రం ఆ వేసవి తరువాత ఊరుకోలేదు. పిల్ల కాలేజీకి వెళ్లిపోయాక, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ తానే చదవడం మొదలుపెట్టింది. ఒక కాగితానికి అరగంట పట్టేది. ఎదురుగా ఉన్నవారు విసుక్కున్నా ఆమె తొందరపడేది కాదు. "ఆగండి, ఇంకా అర్థం కాలేదు" అనేది. ప్రజలు ఎన్నుకున్న మనిషి నోట అంతకన్నా మంచి మాట నేను వినలేదు.

ప్రియ సహోదరీ సహోదరులారా, అక్షరం మనకు దేవుడిచ్చిన తలాంతు. దానిని మన పిల్లల మార్కుల కోసమే పాతిపెట్టుకోవద్దు. మీ పక్కింటి వేలు స్టాంపు ప్యాడ్ మీదికి వెళ్లే ముందు, మీ బిడ్డ నోరు తెరిచి ఆ కాగితం చదివి వినిపించేలా పెంచండి. నోరు లేనివారి పక్షంగా నోరు తెరిచే కృప ప్రభువు మన ఇండ్లన్నిటికి అనుగ్రహించును గాక. ఆమేన్.